పేరు ప్రక్కన నంబరు

మన తెలుగువాళ్ళకు ఒక అలవాటు ఉన్నది. కొత్తవారెవరైనా గుమ్మం ఎక్కగానే మంచినీళ్ళు ఇచ్చి, "మీది ఏ ఊరండీ?" అని అడుగుతాం. ఆ తర్వాత, "ఇంటిపేరు?" అంటాం. ఈ రెండూ తేలితే గాని మనకు కాఫీ సహించదు. మొన్న ఆదివారం ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పలేని మనిషి ఒకరు మా యింటికి వచ్చారు.

మేముండేది మధురవాడలో. ఒకప్పుడు విశాఖపట్నానికీ భీమిలికీ నడుమ చెట్టూ చేమా ఉన్న పల్లెటూరు. ఇప్పుడు కొండల మీద కంప్యూటరు కంపెనీలు, క్రికెట్ స్టేడియం, తలెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టే అపార్ట్‌మెంట్లు. అటువంటి ఊళ్ళో నూరేళ్ళ క్రిందటి మనిషి జాడ వెతుక్కుంటూ ఆవిడ డర్బన్ నుంచి, అంటే దక్షిణాఫ్రికా నుంచి వచ్చారు. అరవై దాటి ఉంటాయి. బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకొన్నారట. తెలుగు రాదు. రాదంటే బొత్తిగా రాదని కాదు. "తాత", "నీళ్ళు", "దండం" అనే మాటలు వచ్చు. "సింహాద్రి అప్పన్న" అనడం వచ్చు. నాకు పాత కాగితాల పిచ్చి ఉన్నదని ఎవరో చెప్పి పంపారు.

చేతిసంచిలోనుంచి ఆవిడ ఒక కాగితం తీసి బల్ల మీద పరిచారు. ఓడ పట్టీకి నకలు. దాని నిండా గళ్ళు. నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఆడో మగో, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. ఆవిడ ముత్తాతగారి వరుసలో జిల్లా గడిలో "వైజాగపటం" అని ఉన్నది. గ్రామం గడిలో, ఏ గుమాస్తా చెవికి ఎట్లా వినబడిందో గాని, "మదరవడ" అన్నట్టు ఒక మాట. గుర్తుల గడిలో ఎడమ మోకాలి క్రింద మచ్చ.

మా ఆవిడ కాఫీ గ్లాసులు పెడుతూ కాగితంలోకి తొంగిచూసి, "ఇన్ని గళ్ళు గీశారు గాని, ఇంటిపేరుకు గడి లేదేమండీ?" అన్నది.

నిజమే, లేదు. మోకాలి క్రింద మచ్చ ఉన్నది, ఇంటిపేరు లేదు. పారిపోతే పట్టుకోవడానికి మచ్చ కావాలి. ఇంటిపేరుతో వాళ్ళకేమి పని? అందుకనే అక్కడి మనవాళ్ళలో తండ్రి పేరో తాత పేరో ఇంటిపేరై కూర్చున్నది. అప్పలసామి అన్నది డర్బన్‌లో ఇంటిపేరు సుమండీ! సింహాచలం కొండ చుట్టుప్రక్కల పుట్టిన పేరు అది. ఆ పేరుగలవాళ్ళలో ఎందరికో ఆ కొండ ఎక్కడున్నదో తెలియదు.

కాఫీ అయిన తర్వాత ఆవిడను మా వీధి చివర వేపచెట్టు క్రింద కూర్చునే తాత దగ్గరకు తీసికొని వెళ్ళాను. ఎనభై అయిదేళ్ళ మనిషి. ఊళ్ళో పాత సంగతులు ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియవు. సంగతి చెప్పాను.

"ఎవులమ్మా నువ్వు? సముద్రం దాటొచ్చినావా?" అని ఆయన ఆవిడ చెయ్యి పట్టుకొన్నాడు. "మా పెదతాత కూడా రంగమెల్నాడమ్మా. ఎల్నోడు ఎల్నట్టే. ఉత్తరం ముక్క నేదు."

రంగం అంటే రంగూను. ఉత్తరాంధ్రలో ఏ పాత కుటుంబాన్ని కదిపినా రంగం వెళ్ళినవాడు ఒకడు ఉంటాడు. విశాఖ, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల్లో ఓడ ఎక్కి, మేస్త్రీ ఇచ్చిన బయానా తీరేదాకా అక్కడి రేవుల్లో బస్తాలు మోసి, బియ్యపు మిల్లుల్లో పనిచేసి, బ్రతికినవాళ్ళు తిరిగివచ్చారు. బర్మానుంచి తరిమితే వచ్చినవాళ్ళ పేట ఈనాటికీ విశాఖలో "బర్మా క్యాంపు" అనే పేరుతో ఉన్నది. రంగం సంగతి మనకు తెలుసు. నేటాలు సంగతి మనం మరచిపోయాం.

ఆ చెట్టు క్రింద తాత నన్నొక మాట అడిగాడు. ఆ మాట కోసమే ఈ వారం ఇదంతా వ్రాస్తున్నాను. కాని అది చెప్పాలంటే ముందు ఆ కాగితం కథ చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి.

బానిసలు అనగానే మనకు అమెరికా పత్తితోటలు, కాళ్ళకు గొలుసులు జ్ఞాపకం వస్తాయి. అదంతా ఎవరిదో కథ, మనకెందుకులే అనుకొంటాం. మా ఊరికి కూతవేటు దూరంలో భీమిలి ఉన్నది. అక్కడ డచ్చివారి సమాధులు చూడడానికి సెలవురోజుల్లో పిల్లల్ని తీసికొని వెళతాం, ఫొటోలు తీసుకొంటాం. ఆ డచ్చి కంపెనీవారే ఈ కోరమాండల్ తీరంలో గుడ్డల బేళ్ళతోపాటు మనుషుల్ని కూడా కొన్నారు. కరవు వచ్చినప్పుడు మనిషి ధర తగ్గుతుంది. అప్పుడు కొని సింహళానికీ, బటావియాకూ ఓడల్లో పంపేవారు. ఆ కంపెనీ దస్తావేజులు హేగ్ నగరంలో భద్రంగా ఉన్నాయి. 2003లో యునెస్కో వాటిని ప్రపంచ జ్ఞాపకాల పట్టికలో చేర్చింది. కొన్నవాడి లెక్క మిగిలింది. అమ్ముడుపోయినవాడు కన్నవాళ్ళకు పంపుదామనుకొన్న కబురు మిగలలేదు.

1833లో ఇంగ్లీషు పార్లమెంటు తన వలస రాజ్యాలలో బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసింది. 1834 ఆగస్టు 1 నుంచి అది అమలులోకి వచ్చింది. చాలా గొప్ప పని. అయితే నష్టపరిహారం ఎవరికి ముట్టిందనుకొన్నారు? బానిసల యజమానులకు! అక్షరాలా 2 కోట్ల పౌన్లు. అందుకోసం చేసిన అప్పు తాలూకు చివరి బాకీ 2015లో గాని తీరలేదు. బానిసగా బ్రతికినవాడికి ఒక్క పెన్నీ రాలేదు. పైగా మరికొన్నేళ్ళు "పని నేర్చుకోవడం" అనే మిషతో పాత యజమానికే చాకిరీ చేయవలసి వచ్చింది.

చట్టం వచ్చినంత మాత్రాన చెరకు పెరగడం మానదు గదా! నరికే చేతులు కావాలి. 1834 నవంబరు 2న కలకత్తా నుంచి "అట్లాస్" అనే ఓడ 36 మంది కూలీలను మారిషస్‌లో దించింది. ఆ తర్వాత 1910 దాకా ఆ ఒక్క ద్వీపానికే నాలుగున్నర లక్షలకు పైగా మనవాళ్ళు వెళ్ళారు. వాళ్ళు ఓడ దిగిన మెట్లు ఈనాటికీ ఉన్నాయి. ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో దానికి ప్రపంచ వారసత్వ గౌరవం దక్కింది. దక్షిణాఫ్రికాలోని నేటాలుకు మొదటి ఓడ మద్రాసునుంచే బయలుదేరింది. దాని పేరు "ట్రూరో". 342 మందితో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911లో ఆ దారి మూసివేసేనాటికి నేటాలు వెళ్ళినవారి నంబరు 1,52,184 దాకా వచ్చింది. నంబరు అని ఎందుకన్నానంటే, మొదటి మనిషి మొదలు చివరి మనిషి దాకా ఒక్కొక్కరికి ఒక్కొక్కటి వేశారు. ఓడ ఎక్కేటప్పుడు మెడలో ఆ నంబరున్న తగరపు బిళ్ళ. దిగిన తర్వాత తోటలో, ఆస్పత్రిలో, కోర్టులో, చివరకు మరణాల పుస్తకంలో కూడా అదే నంబరు.

ఒప్పందం అయిదేళ్ళకు. జీతం మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు హెచ్చు. పదేళ్ళుంటే తిరుగు ప్రయాణం ఉచితం. చదివితే బాగానే ఉన్నది గదా! కాని చీటీ లేకుండా తోట దాటితే నేరం. పనికి రాకపోతే జీతం కోత మాత్రమే కాదు, జైలు. ఒప్పందం తీరిన తర్వాత స్వేచ్ఛగా బ్రతుకుదామనుకొనేవారిమీద 1895లో ఏడాదికి 3 పౌన్ల పన్ను వేశారు. కట్టు, లేదా మళ్ళీ సంతకం పెట్టు, లేదా వెళ్ళిపో. గాంధీగారు అక్కడ నడిపిన 1913 నాటి పెద్ద సమ్మెకు ముఖ్య కారణాలలో ఈ పన్ను ఒకటి. 1914లో అది పోయింది. ఫిజీ ద్వీపాలలో మిగిలిన ఒప్పందాలు 1920 జనవరి 1న రద్దయినాయి.

బానిసా, ఒప్పందపు కూలీ ఒక్కటేనని నేననను. కూలీకి గడువు ఉన్నది, జీతం ఉన్నది. బానిస బిడ్డ బానిస, కూలీ బిడ్డ బళ్ళో పంతులమ్మ కాగలిగింది. అయినా ఇది కొత్త రకం బానిసత్వం అవుతుందేమోనని 1840లోనే ఇంగ్లండులో మంత్రిగా ఉన్న లార్డ్ జాన్ రస్సెల్ జంకాడు. ఆ జంకు ఎన్నాళ్ళో నిలవలేదు, ఓడలు మళ్ళీ కదిలాయి.

ఇక్కడ ఒక చిత్రం చూడండి. బానిసత్వం రద్దుకు పోరాడినవారు, దొంగతనంగా కొత్త బానిసలను దించకుండా ఉండేందుకు, ప్రతి వలసలోనూ బానిసల పేర్లు పుస్తకంలో ఎక్కించాలని పట్టుబట్టారు. 1810 తర్వాత ద్వీపం వెంట ద్వీపంలో ఆ పుస్తకాలు తయారైనాయి. మనుషుల్ని సామానులాగా వరుసబెట్టిన పుస్తకాలే! కాని ఈనాడు వాళ్ళ మునిమనవలకు తమ పెద్దల పేరు దొరికే చోటు అదొక్కటే. ఓడ పట్టీలూ అంతే. మారిషస్‌లో మోకా అనే ఊళ్ళోని మహాత్మాగాంధీ సంస్థలో ఆ పుస్తకాలు, కూలీల ఫొటోలతో సహా, దాచి ఉంచారు. ఫిజీ, గయానా, సురినాం, ట్రినిడాడ్ దేశాల పట్టీలకు 2011లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మనిషిని పట్టి ఉంచడానికి వ్రాసిన కాగితమే మనిషిని తిరిగి ఇంటికి చేర్చే కాగితమైంది.

సరే, సముద్రం అవతలి సంగతి చాలించి మన గడప లోపలికి వద్దాం.

మన దేశంలో బానిసత్వాన్ని గురించిన చట్టం 1843లో వచ్చింది, ఆ ఏడు అయిదవ చట్టం. ఒకడు ఇంకొకడి సొత్తు అని ఏ కోర్టూ ఒప్పుకోరాదు, బాకీ క్రింద మనిషిని వేలం వెయ్యరాదు అన్నది. అంతే. బానిసను పిలిచి, "నీవు పో నాయనా" అని విడిచిపెట్టిన చట్టం కాదది. మనిషిని కొనడం, అమ్మడం నేరమని శిక్షాస్మృతి వచ్చేసరికి 1862 అయింది. ఆ లోపల పాత పని కొత్త పేరు పెట్టుకొన్నది. ఆ పేరు అప్పు. అప్పు తీరేదాకా చాకిరీ. వడ్డీ ఎంతో వ్రాసినవాడికే తెలుసు. అప్పు తీసుకొన్నవాడికి చదువు లేదు. ఇది 1976 దాకా నడిచింది. ఆ ఏడు పార్లమెంటు వెట్టిచాకిరీ రద్దు చట్టం చేసి, అటువంటి అప్పులన్నీ చెల్లిపోయినట్టే అన్నది. ఆ చట్టంలో దేశంలోని వెట్టి పద్ధతుల పేర్లు ఒక జాబితాగా ఉన్నాయి. అందులో మనకు బాగా తెలిసిన మాటలు కనబడతాయి: జీతం, వెట్టి, పాలేరు.

పాలేరు! ఎంత ముద్దుగా పలికే మాట! మనలో ఎందరి చిన్నతనాలు పాలేరు భుజం మీద గడవలేదు!

పెద్ద యిళ్ళలో అమ్మకం లేదనుకొంటున్నారా? 1887 ప్రాంతాల విజయనగరం మహారాజు ఆనందగజపతిగారు మన విశాఖపట్నం జిల్లాలోనే, మామూలు బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కపు పెళ్ళిళ్ళకు ఒక పట్టీ వ్రాయించారు. చాలా తాలూకాలలో పెద్దమనుషులు ఏకమై వివరాలు బయటికి పొక్కనివ్వలేదు. అయినా 1,034 పెళ్ళిళ్ళు లెక్కకు వచ్చాయి. అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు 6. ఏడాది పసికందులు ముగ్గురు. ఆ ముగ్గురికీ ధర తలకు 350 నుంచి 400 రూపాయలు. ఈ లెక్కలన్నీ గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చయిన "కన్యాశుల్కం" ఇంగ్లీషు పీఠికలో ఇచ్చారు. మనం నాటకం చూసి గిరీశం మాటలకు నవ్వుకొంటాం. ఆ నవ్వు వెనుక ఒక పట్టీ ఉన్నదనీ, ఆ పట్టీలో ఒక్కొక్క వరుసా ఒక్కొక్క సుబ్బి అనీ మనకు తోచదు. సంస్కరణ అనేది ఉపన్యాసాలతో మాత్రమే వచ్చిందనుకొంటాం. దాచినదాన్ని కాగితం మీద పెట్టడంతో కూడా వచ్చింది.

ఇప్పుడు వేపచెట్టు క్రిందికి రండి.

డర్బన్ కాగితం నేను గడి గడికీ తెలుగు చేసి చదువుతుంటే తాత చెవి ఒగ్గి విన్నాడు. "మచ్చ కూడా రాసినారా?" అని ఆశ్చర్యపోయాడు. కాగితం మీద వేలు పెట్టి ఆ గడి ఏదో చూపించమన్నాడు. చాలాసేపు ఊరుకొన్నాడు. తర్వాత నావైపు తిరిగి మెల్లిగా అడిగాడు.

"బాబూ, మా అయ్య ఏలిముద్ర కాయితం మీ తాతగారి పెట్లో ఉండేది కదా. అది ఉందేటి?"

ఉండేది. నేను చూచాను. 1976లో ఆ చట్టం వార్త పత్రికలో చదివి, కుర్రతనపు ఆవేశంతో మా తాతగారి భోషాణం తెరిచాను. అడుగున స్టాంపు కాగితం. నలభై రూపాయల అప్పు, ఏడాదికి ఇంత ధాన్యం, రెండు పంచెలు, అప్పు తీరేవరకు ఇంటిపనీ పొలంపనీ. క్రింద నల్లగా వేలిముద్ర, దాని ప్రక్కన "నిశాని" అని కరణంగారి అందమైన దస్తూరి. "అప్పు తీరిందా తాతయ్యా?" అని అడిగితే, "ఎప్పుడో తీరిందిరా" అన్నారు. ఎప్పుడో నేను మళ్ళీ అడగలేదు. మా తాతగారు చెడ్డవారు కారు. పండుగ పూట పాలేరు పిల్లలకు పెట్టకుండా తాను తినలేదు. అయినా ఆ కాగితం భోషాణంలో పెట్టి తాళం వేసింది ఆయనే.

పాత పెంకుటిల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లకు ఇచ్చిన ఏడు, ఆ భోషాణంలోని కాగితాలన్నీ పాత పేపర్లవాడికి తూకానికి వేసింది నేనే. పాత కాగితాల పిచ్చివాణ్ణి! శాసనాల నకళ్ళు ఉంచుకొన్నాను, మా వంశవృక్షం ఉంచుకొన్నాను, ముత్తాతగారికి కలెక్టరు వ్రాసిన ఉత్తరం చట్రం కట్టించాను. స్టాంపు కాగితాలు చెద పట్టాయి, ఎవరికి పనికొస్తాయిలే అనుకొన్నాను.

ఆ మాటే చెప్పాను. తాత కోప్పడలేదు. "పోన్లే బాబూ. అయ్యకి పోటో నేదు, ఆ ఏలుముద్రొక్కటే ఉందని అడిగినాను" అన్నాడు.

ఆ మాట తెలుగురాని ఆవిడకు నేను అనువదించలేదు. ఆవిడ అడగనూ లేదు. ముఖం చూసి గ్రహించారు కాబోలు, తన కాగితం మడిచి సంచిలో పెట్టుకొన్నారు. ఆవిడ ముత్తాతది ఈ ఊరేనని ఎవరూ ప్రమాణం చేయలేరు. ఈ చుట్టుప్రక్కల అటువంటి చప్పుడు వచ్చే ఊళ్ళు ఇంకా ఉండవచ్చు. వెళ్ళేటప్పుడు తాతకు "దండం" అన్నారు. ఆ మాట నూరేళ్ళు సముద్రం అవతల ఉండి కూడా చెడిపోలేదు.

మర్నాడు ఒక నోటుపుస్తకం కొని తాత దగ్గరకు వెళ్ళాను. వాళ్ళ అయ్య పేరు, ఆయన అయ్య పేరు, ఇంటిపేరు, పుట్టిన ఊరు, ఏ ఏడు మా యింట్లో చేరాడో, ఏ ఏడు వదిలాడో, ఆయన చెప్పింది చెప్పినట్టు వ్రాశాను. ఒంటి మీద గుర్తులు అడగలేదు, ఆయనే చెప్పాడు. కుడి భుజం మీద కావడి కాయ. అప్పు ఎంత అన్నచోట నాకు జ్ఞాపకమున్న అంకె నేను వేశాను. ఆఖరున తాత పుస్తకం తీసుకొని సంతకం పెట్టాడు. రాత్రిబడిలో నేర్చుకొన్నాడట. వంకర టింకరగా ఉన్నది గాని, వేలిముద్ర కాదు.

చదువరులకు ఒక్క మనవి. మీ యింట్లోనూ అటక మీద ఒక పెట్టె ఉంటుంది. పండుగకు ఇల్లు దులిపేటప్పుడు అందులోని ప్రోనోట్లు, పాలేరు పత్రాలు, పెళ్ళి ఖర్చుల పద్దులు, రంగం నుంచి వచ్చిన మనియార్డరు చీటీలు తూకానికి వేయకండి. వాటిలో మన పెద్దల పరువు తక్కువయ్యే సంగతి ఒకటీ అరా ఉండవచ్చు. ఉండనివ్వండి. ఆ కాగితానికి రెండో వైపు వేలిముద్ర వేసినవాడి మనవడు ఉంటాడు, బహుశా మీ వీధిలోనే. ముందు అతనికి ఒక నకలు ఇవ్వండి. ఆ పైన దగ్గరలోని గ్రంథాలయానికో, విశ్వవిద్యాలయానికో, ప్రభుత్వ దస్తావేజుల కార్యాలయానికో చేర్చండి.

మా ఆవిడ ఆ నోటుపుస్తకం చూసి, "ఇందులో ఇంటిపేరుకు గడి ఉన్నదా?" అని అడిగింది. ఉన్నది. మొట్టమొదటి గడి అదే.